ఎగువ గుంతలో అడవి మేకలు

జల్లెడ కడిగిన రోజు

పొద్దున గాలి జల్లెడ విప్పి కడిగాను. దోసెడు ఎర్ర దుమ్ము వచ్చింది. కిందటిసారి ఇంత రాలేదు. ఊరి మీద కప్పిన పొరకు ఎక్కడైనా చిల్లి పడిందేమోనని పైకి చూస్తూ కూర్చుంటే మెడ పట్టేసింది. కోడలు వన్నూరమ్మ వచ్చి, "పోయినసారి నువ్వు జల్లెడ కడగడం మర్చిపోయినావు అత్తా. అందుకే ఇంత దుమ్ము" అంది. అయి ఉండొచ్చు. చిల్లి కూడా అయి ఉండొచ్చు.

ఈ రాత డాక్టరమ్మ పెట్టిన పథ్యం. రక్తపోటు చూసి మాత్ర ఇవ్వకుండా, "సుంకులమ్మా, నీకు పుట్టిన దిగులంతా కోడలి చెవిలో పోయకు. పలక మీద రాసుకో" అంది. కోడలే ముందుగా వెళ్ళి ఆమెకు ఆ మాట నేర్పి ఉంటుందని నా అనుమానం. నా చదువు మూడో తరగతి. తప్పులుంటే చదివేవాళ్ళే దిద్దుకోవాలి.

ఏ దిగులు ముందు రాయాలో తెలియడం లేదు. మా చిన్నప్పుడు కుజదోషం ఉన్న పిల్లకు పెళ్ళి కాదని భయపడేవాళ్ళు. ఇప్పుడు కాపురమే కుజుడి మీద. ఆ దిగులు పాతది, వదిలేస్తాను. కొత్తది వన్నూరమ్మ బండి. మా ఎగువ గుంత నుంచి బయటి గుంతలకు ఆరు చక్రాల బండిలో మనుషుల్ని చేరవేస్తుంది. బయట గాలి లేదు. దారిలో టైరు పంక్చరైతే ఎవరినైనా పిలుద్దామన్నా కేక వినపడదు. ఆమె మాత్రం పాట పాడుకుంటూ వెళ్తుంది. నా కొడుకు మంచు గనిలో ఉన్నాడు. వాడికి చెబితే, "తోలనీ అమ్మా, నాకంటే బాగా తోలుతాది" అంటాడు.

పక్కింటి తిరుపాలు మేకలు ఇంకో దిగులు. ఇక్కడ ఒంటి బరువు తక్కువ కదా, మేక ఎగిరిందంటే ఇంటి కప్పు దాటుతుంది. కొమ్ము పొరకు తగిలితే ఊరంతా బుడగ పగిలినట్టు పోతాం. నేను రోజూ అరిచే అరుపులు పడలేక వాడు మేకల కొమ్ములకు గుడ్డ ఉండలు కట్టాడు.

అన్నిటికంటే పెద్ద దిగులు ఆ డబ్బు. ఏడాది కిందట భూమ్మీది దాతల సంఘం వాళ్ళు మా ఊళ్ళో ప్రతి ఇంటికీ ఊరికే డబ్బు ఇచ్చారు. ఊరికే అంటే ఊరికేనట. అప్పు కాదు, కూలి కాదు. "మీకు ఏది కావాలో మీకే బాగా తెలుసు, మీ ఇష్టం" అన్నారు. అలా ఇచ్చేవాళ్ళను నేను పుట్టాక చూడలేదు. ఆ డబ్బుతోనే వన్నూరమ్మ బండి, తిరుపాలు మేకలు, కాశింబీ బొరుగుల ఉగ్గాని అంగడి. నా వాటా చాలా రోజులు ముట్టలేదు, వెనక్కి అడుగుతారని. అడగలేదు. చివరికి పళ్ళ సెట్టు కట్టించుకున్నాను. వేయించిన చెనిక్కాయలు నమలాలని ఎన్నేళ్ళ కోరికో.

దిగువ గుంతలో ఉన్న నా కూతురు ఓబులమ్మకు మాత్రం ఆ డబ్బు రాలేదు. ముందు ఒక ఊరికి ఇచ్చి చూస్తారట. చెనిక్కాయలు పండించి పచ్చివి పచ్చిగానే అమ్ముకుంటుంది పిచ్చిది. గానుగ ఉంటే నూనె ఆడించుకోవచ్చు. గానుగ, గానుగ అని కలవరిస్తుంది.

మంచు బండి వచ్చిన రోజు

నేను చెప్పానా లేదా?

మంచు గడ్డలతో పాటు కబురు కూడా దిగింది. సంఘం వాళ్ళ పరిశీలన యంత్రం వస్తోందట. ఇంటింటికీ తిరిగి ఏముందో, ఏం లేదో చూసి రాసుకుపోతుందట. దారిలో దాన్ని చూసిన పక్క గుంతలవాళ్ళు దానికి ముంత అని పేరు పెట్టారు. తెల్లటి ముంతకు చక్రాలు పెట్టినట్టు ఉంటుందట, మూత మీద ఒంటి కన్ను.

కాశింబీ అంగడి దగ్గర అందరం చేరాం. కాశింబీ ఉగ్గాని కలుపుతుంటే బొరుగులు సగం బాణలిలో, సగం గాలిలో ఉంటాయి. గాలిలో ఉన్నవాటిని పళ్ళెంతో పట్టుకుని తింటున్నాడు తిరుపాలు.

"చూసేకి వస్తే చూసిపోనీ పెద్దమ్మా, మనదేం పోతాది?" అన్నాడు.

"మీది చిన్న వయసురా. మా అమ్మ భూమ్మీద అనంతపురం పక్కన ఉన్నప్పుడు ఇట్లనే ఆఫీసరు వచ్చినాడు. ఇంట్లో ఫ్యాను కనపడింది. నీకేం తక్కువ అని రేషను కార్డు కొట్టేసినాడు. ఆ ఫ్యాను తిరిగేది కూడా కాదు" అన్నాను.

కాశింబీ చేతిలో గరిటె ఆగిపోయింది. "తిరగని ఫ్యానుకే కార్డు పోయిందా వదినా? నాది బాణలి. పైగా కాగతా ఉండాది."

"అందుకే చెప్తాండా. ఇచ్చేవాళ్ళు వస్తే ఉండేది దాచల్ల. అడిగితే ఏడవల్ల. ఇదే మా అమ్మ నాకు నేర్పించిన చదువు."

వన్నూరమ్మ ఒక్కతే ఎదురు చెప్పింది. "బాగుపడమనే గదా అత్తా వాళ్ళు ఇచ్చింది? బాగుపడినామని చూస్తే కోపమెందుకొస్తాది?"

"బాగుపడినోళ్ళు ఇచ్చేవాళ్ళకు ఎందుకే పిచ్చిదానా?"

దాచడమే ఖాయమైంది. నా మాట ఊరు ఊరంతా విన్నది ఇదే మొదటిసారి. కొంచెం సంతోషం, దాని వెంటనే భయం.

దాచిన రోజు

ఒళ్ళు హూనమైంది.

కాశింబీ బల్లలు, గిన్నెలు మంచం కింద తోసింది. బాణలి మాత్రం ఏ మూలా పట్టలేదు. తిరుపాలు మేకల్ని చెనిక్కాయల కొట్టం వెనక, ఎత్తు గోడ చాటున కట్టేశాడు. తాళ్ళు పొడుగ్గా ఉన్నాయేమోనని అడిగితే, "పొట్టిగా కడితే మెడ పడ్తాది పెద్దమ్మా" అన్నాడు. మనుషుల మెడ పడితే ఇంత జాలి ఉండదు వీడికి.

మా ఇంటి సమస్య బండి. అది కొట్టంలో పట్టదు, మంచం కిందా పట్టదు. ఉన్న బొంతలన్నీ దాని మీద కప్పి, మట్టి అలికి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టాను. దూరం నుంచి చూస్తే పుట్టలా ఉంది. వన్నూరమ్మ వాకిట్లో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూసింది.

"అత్తా, రేపు నాకు నాలుగు బాడుగలుండాయి."

"అమ్మవారు రేపు యాడికీ రాదులే."

"మనం సంపాయించుకున్నేది మనమే దాస్తాంటే దొంగతనం చేసినట్టుండాది."

మాట బాధగానే ఉంది. అయినా పళ్ళ సెట్టు తీసి వక్కాకు సంచిలో పెట్టి, సంచి నడుముకు దోపుకున్నాను.

ముంత వచ్చిన రోజు

ముంత పెద్దింటి పిల్లలా మర్యాదగా మాట్లాడుతుంది. గడపలో ఆగి, "నమస్కారమమ్మా. లోపలికి రావచ్చునా? మీరు బాగున్నారా?" అని అడిగింది.

"ఏదో ఉండాం నాయనా" అన్నాను. పళ్ళు లేక మాటతో పాటు గాలి బయటికి వచ్చింది.

"'ఏదో' అని రాసుకున్నాను. మీకు పళ్ళు లేవా?"

"ఉంటే మాత్రం తినేకి ఏముంది?"

నా జవాబుకు నాకే ముచ్చటేసింది. ముంత కన్ను అటూ ఇటూ తిప్పి వాకిట్లో ఆపింది. "ఆ గుట్ట ఏమిటి?"

"అమ్మవారు."

"ఏ అమ్మవారు?"

అది ఆలోచించుకోలేదు. "బండెమ్మ" అన్నాను.

"అమ్మవారికి చక్రాలు ఎందుకు ఉన్నాయి?"

బొంత ఒకపక్క జారి ఉంది. "ఊరేగింపుకు నాయనా. మోసేకి మనుషుల్లేరు."

వన్నూరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ముంత దగ్గరికి వెళ్ళి, "కోడలు ఆకలితో ఏడుస్తున్నారు" అని రాసుకుంది. నా కడుపు నిండింది.

నాలుగిళ్ళూ ఎలా దాటుతుందోనని దాని వెనకే నేనూ తిరిగాను. కాశింబీ ఇంట్లో బాణలి నట్టనడుమ ఉంది.

"ఇంత పెద్ద బాణలి ఎందుకమ్మా?"

"స్నానానికి సార్."

"ఇందులో నూనె ఉంది."

"చలికాలం గదా. ఒంటికి మంచిది."

ముంత బాణలి చుట్టూ ఒకసారి తిరిగింది. కాశింబీ నా వైపు చూసి కళ్ళు మూసుకుంది.

చివరికి తిరుపాలు. వాడు కొట్టం ముందు చింపిరి తుండు కట్టుకుని చతికిలబడి ఉన్నాడు. ముంత ఏదో అడగబోయి ఆగింది. గోడ వెనక నుంచి ఒక మేక మెల్లగా పైకి లేచింది. గోడ మీదుగా ముంతను చూసింది. నోట్లో ఉన్నది నమిలింది. మెల్లగా కిందికి దిగిపోయింది.

"గోడ వెనక ఏదో లేచింది" అంది ముంత.

"యాడ?"

రెండోది లేచింది. మొదటిది మళ్ళీ లేచింది. ఒకటి లేస్తుంటే ఒకటి దిగుతోంది.

"అవి మేకలు" అంది ముంత.

"మేకలా?" తిరుపాలు కూడా వెనక్కి తిరిగి చూశాడు, అప్పుడే చూస్తున్నవాడిలా. "ఓ, అవా? అడవి మేకలు సార్. ఎవరివీ కాదు. బయటి నుంచి వస్తాంటాయి అప్పుడప్పుడు."

"బయట గాలి లేదు."

"అందుకే గదా సార్ లోపలికి వచ్చేది."

"కొమ్ములకు గుడ్డ ఉండలు ఎందుకు ఉన్నాయి?"

"పుట్టేటప్పటి నుంచీ అట్లనే."

ముంత కన్ను ఎర్రగా, పచ్చగా వెలిగి ఆరింది. దొరికిపోయామనుకున్నాను. కానీ అది రాసుకుంది. ఏం చెప్పినా రాసుకుంటుంది.

సాయంత్రం ఊరి మధ్యలో నిలబడి తేల్చి చెప్పింది. "సహకరించినందుకు ధన్యవాదాలు. ఇచ్చిన డబ్బు వల్ల ఎగువ గుంతలో ఏ మేలూ కనిపించలేదు. ఒక అమ్మవారు, కొన్ని అడవి మేకలు మాత్రం కొత్తగా వచ్చాయి."

ఊరంతా ఊపిరి పీల్చుకుంది. మా కార్డు నిలబడినట్టే. కాశింబీ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"డబ్బు ఉపయోగపడలేదు కనుక, దిగువ గుంతకు ఇవ్వనక్కరలేదని సిఫారసు చేస్తాను. మంచు బండి వచ్చేవరకు ఊరి తలుపు దగ్గర గాలి గదిలో ఉంటాను. నమస్కారం."

అంతే. చక్రాల మీద జారుకుంటూ వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. వన్నూరమ్మ వచ్చి నా భుజం పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది.

విత్తనం ఒలిచిన రోజు

పొద్దున్నే ఓబులమ్మ ఫోను. మొహం చాటంత ఉంది.

"అమ్మా, మీ ఊరు చూసిపోయినారంట గదా! ఇంక మా ఊరే. గానుగకు రాయి చూసి పెట్టినానమ్మా. దాన్ని పాతేకి మా ఆయన గుంత తవ్వినాడు. నూనె తీసిన పిండి నీకు పంపిస్తా, తిరుపాలు మేకలకు వేయమను."

"ఏం మేకలు?" అన్నాను. అలవాటైపోయింది.

"ఏమైందమ్మా, అట్లుండావు?"

"ఏం లేదు. జల్లెడ కడగల్ల" అని ఫోను పెట్టేశాను. చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాను. పప్పు పొట్టులో వేసి, పొట్టు గిన్నెలో వేశాను. పళ్ళు పెట్టుకున్నా అన్నం దిగలేదు. నా కూతురి గానుగను నేనే బొంత కప్పి పూడ్చిపెట్టాను.

మధ్యాహ్నం అందరి దగ్గరికీ వెళ్ళాను. దాచినవి తీద్దాం, చూపిద్దాం అన్నాను. 

"నీ మాట వినే దాచితిమి. ఇప్పుడు నీ మాట వినే తీయల్లనా? ఒక మాట మీద ఉండు పెద్దమ్మా" అన్నాడు తిరుపాలు.

"చూపించినాక కార్డు పీకితే? అబద్ధం చెప్పినామని ఇచ్చింది వెనక్కి లాక్కుంటే?" అంది కాశింబీ. నేను ఎన్నేళ్ళుగా అందరికీ పంచిన భయం అది. ఇప్పుడు తిరిగి ఇచ్చేయమంటే ఒక్కరూ ఇవ్వడం లేదు.

ఇంటికొచ్చేసరికి మా వాకిట్లో ఎవరో ముసలాయన బండెమ్మకు కొబ్బరికాయ కొడుతున్నాడు. తన కోడలికి సంతానం నిలవాలని మొక్కట.

శాస్త్రవేత్తల కబురు వచ్చిన రోజు

ఊరి మైకు పొద్దున్నే మోగింది. ముంత రాసి పంపింది చూసి భూమి నుంచి ప్రకటన. ఎగువ గుంత ప్రజలకు అభినందనలట. అంగారకుడి మీద పుట్టిన తొలి జంతువు మా ఊళ్ళో బయటపడిందట. కొమ్ములకు పుట్టుకతో గుడ్డ ఉండలుండే మేక. గాలి లేని చోట ఎలా బతుకుతుందో తెలుసుకోవడానికి పెద్ద శాస్త్రవేత్తలు బయలుదేరుతున్నారు. అప్పటిదాకా మేకలకు ఎవరూ హాని చేయరాదు. వచ్చాక వాటిని తీసుకెళ్ళి, కోసి, లోపల ఏముందో చూస్తారు.

మైకు ఇంకా ఆగలేదు, తిరుపాలు మా గడపలో ఉన్నాడు. గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"పెద్దమ్మా, నా మేకల్ని కోస్తారంట!"

"అడవి మేకలు గదరా, నీకెందుకు?" అంది వన్నూరమ్మ.

"ఆ పాలు అమ్మే గదా నా బిడ్డ నర్సు చదువుతాండేది! మేకలు పోతే దాని చదువు పోతాది. నువ్వు నవ్వొద్దు వదినా. పెద్దమ్మా, ఏదో ఒకటి చెయ్యి. నీకు అబద్ధాలు బాగా వస్తాయి."

"అబద్ధాలతో అయ్యే పని అయిపోయిందిరా" అన్నాను. "ఇంక నిజమే మిగిలింది."

రేపే మంచు బండి. ముంత ఎక్కి వెళ్ళిపోతుంది.

మళ్ళీ మంచు బండి వచ్చిన రోజు

గాలి గదిలో ముంత ఒక మూల గోడకు తగులుకుని ఛార్జింగ్ పెట్టుకుంటోంది. నేను ముందు, నా వెనక వన్నూరమ్మ, దూరంగా తిరుపాలు, ఇంకా దూరంగా కాశింబీ.

"నాయనా, ఇంకొకసారి ఊరు చూడల్ల నువ్వు" అన్నాను.

"పరిశీలన ముగిసిందమ్మా. మీ పరిస్థితి మెరుగైందని ఇంటివారు తమ నోటితో చెబితే తప్ప మళ్ళీ తెరవకూడదు. మీ ఇంటి పరిస్థితి ఎలా ఉంది?"

"ఏదో…"

"'ఏదో' ఇదివరకే రాసుకున్నాను."

"పర్వాలేదు."

"'పర్వాలేదు' అంటే మార్పు లేదని మా లెక్క."

"దేవుడి దయ వల్ల…"

"దేవుడికి మేము డబ్బు ఇవ్వలేదమ్మా."

వెనక నుంచి వన్నూరమ్మ, "చెప్పత్తా, ఒక్క మాటే గదా" అంది. ఒక్క మాటే. కానీ ఆ మాట నా నోట ఎన్నడూ రాలేదు. నా పెళ్ళి నాడు ఎవరో బాగున్నావా అంటే కూడా తలనొప్పిగా ఉందన్నాను. బాగున్నామంటే దిష్టి. బాగున్నామంటే అప్పు అడుగుతారు. బాగున్నామంటే ఉన్నది పోతుంది. మా అమ్మ చచ్చిపోయేటప్పుడు కూడా ఒంట్లో ఎలా ఉందంటే "ఏదో" అనే పోయింది.

బయట మంచు బండి కూత వేసింది. ముంత గోడ నుంచి ఊడి, తలుపు వైపు జరిగింది.

"బాగుండాం" అన్నాను.

"వినిపించలేదమ్మా."

"బాగుండాం!"

"పూర్తిగా చెప్పండి."

"బాగుండామురా నాయనా! కోడలు బండి తోల్తాంది, రోజూ నాలుగు బాడుగలు! మూడు పూటలా తింటాండాం! పోయిన నెల నాకు కొత్త చీర తెచ్చింది, దాన్ని పాతదని చెప్పుకుంటాండా! ఇదో పళ్ళు!" సంచిలోంచి తీసి పెట్టుకున్నాను. కొంగున కట్టిన వేయించిన చెనిక్కాయలు గుప్పెడు నోట్లో పోసుకుని, ముంత కంటి ముందే పరపరా నమిలాను. "చూడు! విను!"

"శబ్దం రాసుకున్నాను" అంది ముంత.

పైకి చూశాను. పొర చిరగలేదు. గాలి ఆగలేదు. చెనిక్కాయలు బాగున్నాయి.

ఇంక ఊరిని పట్టేవాళ్ళు లేరు. తిరుపాలు ముందుకు తోసుకొచ్చాడు. "సార్, అవి నా మేకలు. గుడ్డ ఉండలు నేనే కట్టినా."

"అడవి మేకలను పట్టికలోంచి కొట్టివేయమంటారా? శాస్త్రవేత్తలు బాధపడతారు."

"పడనీ సార్. కావల్లంటే తలా చెంబెడు పాలు పంపిస్తా."

"అమ్మవారిని కూడా కొట్టివేయాలా?"

వన్నూరమ్మ పరుగెత్తి వెళ్ళి బొంతలు లాగి, పసుపు కుంకుమలతోనే బండి తోలుకొచ్చింది. దాని ముందు ఆ కొబ్బరికాయ ముసలాయన ఇంకా చేతులు జోడించి నడుస్తున్నాడు. కాశింబీ మంట వెలిగించింది. స్నానం చేసే నూనెలో మిరపకాయ బజ్జీ పడేసరికి మంచు బండి తోలేవాడు కూడా దిగి వరసలో నిలబడ్డాడు. 

ముంత అన్నీ చూసి, చివరికి నా దగ్గరికి వచ్చింది. "అమ్మా, ఒక ప్రశ్న నా పట్టికలో లేదు. అయినా అడుగుతున్నాను. ఎందుకు దాచారు?"

"ఇన్నేండ్లూ మా ఇంటికి వచ్చినోళ్ళు మాకు ఏం లేదో చూసేకే వచ్చినారు నాయనా. ఏముండాదో చూసేకి వచ్చింది నువ్వే మొదలు. నువ్వు అందుకు వచ్చినావని మాకు తెలీలేదు."

దాని కన్ను చాలాసేపు పచ్చగా వెలిగింది. బండి ఎక్కి వెళ్ళిపోయింది.

చెనిక్కాయ ఎండబెట్టిన రోజు

కబురు వచ్చింది. దిగువ గుంతకు కూడా ఇస్తారు. మాకిచ్చినట్టే, ఏ షరతూ లేకుండా. వచ్చే మంచు బండి నాటికి అందుతుందట.

ఓబులమ్మకు ఫోను చేశాను. ముందు కేక పెట్టింది, తర్వాత ఏడ్చింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఊరికే ఇస్తారామ్మా? ఏదన్నా మెలిక ఉంటాదా?" అంది. లేదన్నాను. నమ్మినట్టు లేదు. నాకు నిద్ర పట్టలేదు. దాన్ని పెంచింది నేనే కదా.

దిగువ గుంతకు వెళ్ళిన రోజు

వన్నూరమ్మ బండి మొదటిసారి ఎక్కాను. దారి పొడుగునా కళ్ళు మూసుకునే ఉన్నాను. "కండ్లు తెరిచి చూడత్తా, ఎంత బాగుండాదో" అంటుంది. ఒకసారి తెరిచాను. బాగానే ఉంది. మళ్ళీ మూసుకున్నాను.

దిగువ గుంతలో వీధి నిర్మానుష్యం. ఏ ఇంటి ముందూ బిందె లేదు, మంచం లేదు, ఒక చేట లేదు. ఏదో రోగం వచ్చి ఊరు ఖాళీ అయిందనుకున్నాను. ఓబులమ్మ ఇంట్లోకి పరుగెత్తాను.

నా కూతురు కటిక నేల మీద కూర్చుని ఉంది. చిరుగుల చీర, నూనె లేని జుట్టు. గోడలకు మేకులున్నాయి, మేకులకు ఏమీ లేవు.

"ఏమైందే? దొంగలు పడినారా?"

"గట్టిగా అరవకమ్మా. డబ్బులిచ్చేవాళ్ళు వస్తారు గదా, అన్నీ దాచేసినాం. ఊరంతా. నువ్వే గదా నేర్పించింది."

"ఇంకా డబ్బే రాలేదు గదే! వాళ్ళు చూసేది ఏడాది తర్వాత!"

"అందుకే ముందుగాల అలవాటు చేసుకుంటాండాం."

వన్నూరమ్మ గడపలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా గొంతు చించుకుని నేను చెప్పిన 'బాగుండాం' అన్న మాట ముంతకు వినపడింది గానీ, నా కడుపున పుట్టినదానికి ఇంకా చేరలేదు.

"అల్లుడేడీ? పనికి పోయినాడా?" అని అడిగాను.

ఓబులమ్మ నేల చూపులు చూసింది. "మద్దిలేటి ఈ మధ్య కొంచెం ఒళ్ళు చేసినాడమ్మా. కనపడితే తిన్నట్టు తెలిసిపోతాదని…"

మూలనున్న ధాన్యం గాదె లోపల నుంచి గొంతు వినిపించింది. "అత్తా వచ్చినావా? బాగుండావా? బయటికి రావచ్చునా?"

నేను వెళ్ళి గాదె మూత ఎత్తాను. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, చెమటతో నిగనిగలాడుతూ, గుండ్రంగా కూర్చుని ఉన్నాడు బంగారుతండ్రి. చెయ్యి అందించాను. లాగితే రాలేదు. వన్నూరమ్మ ఒక పక్క, ఓబులమ్మ ఒక పక్క పట్టుకుని ముగ్గురం లాగాం.

"లేయి నాయనా" అన్నాను. "వీధి అరుగు మీద పోయి కూర్చో. నిన్ను అందరూ చూడల్ల."